గమావాడ రాళ్ల వయసెంత?

పాత రాళ్లంటే మనకు పాత కాలమే. కృష్ణ ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్లు కావచ్చు, తాడ్వాయి అడవిలో దామరవాయి రాక్షసగుళ్లు కావచ్చు, ఊళ్లో ఎవరిని అడిగినా జవాబు ఒక్కటే: పాండవుల నాటివట, రాకాసులు మోశారట. వాటిని నిలిపినవాళ్ల వారసులం మేమేనని ముందుకొచ్చేవారు లేరు. ముడుమాల్ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు కూడా ఎక్కింది. అదే అలవాటుతో బస్తర్ వెళితే మాత్రం లెక్క తప్పుతుంది.

విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలెక్కితే దంతెవాడలో దిగొచ్చు. బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన లైను అది. దంతేశ్వరి గుడి ఎలాగూ చూస్తారు. ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇటు వచ్చి రాజయ్యాడన్న కథ తెలుగువాళ్లకు కొత్త కాదు కాబట్టి దాన్ని వదిలేసి బచేలి రోడ్డు పడదాం. ఆ దారిలోనే గమావాడ.

చెక్కడం లేదు, శాసనం లేదు. కొండ నుంచి ఎలా విడదీశారో అలాగే తెచ్చి పాతిన పొడవాటి రాళ్లు. కొన్ని మనిషిని మించి లేచాయి. ఇది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు. స్థానికులు వీటిని ఉరస్కల్ అంటారు. పోయినవారి పేరున మాడియా గోండులు నిలిపే రాళ్లు ఇవి. ఈ ఆచారం ఇరవయ్యో శతాబ్దంలోనూ నడిచింది. 1927 నుంచి కొన్నేళ్లు బస్తర్ సంస్థానంలో పాలనాధికారిగా ఉన్న డబ్ల్యు.వి. గ్రిగ్సన్ ఆ పద్ధతులన్నీ దగ్గరుండి చూసి, 1938లో మాడియా గోండుల మీద పెద్ద పుస్తకమే వేశాడు. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ కూడా వీటి గురించి రాశాడు.

దహనమో ఖననమో ముందే అయిపోతుంది. రాయి సంగతి తర్వాత. ఇంటివాళ్లు తిండిగింజలు, పశువులు, కల్లు, సారా సమకూర్చుకోవాలి, చుట్టాలకు కబురు పెట్టాలి. అప్పుడు మగవాళ్లు వెళ్లి రాయి ఎంచి, తాళ్లు కట్టి, కర్రల మీద భుజాలు మార్చుకుంటూ మోసుకొస్తారు. ఆవును బలిచ్చి దాని తోకను రాయికి కట్టేవారు. ఇది గోదావరి వాళ్లకూ తెలిసిన తంతే. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలో భద్రాచలం కోయల గురించి రాస్తూ, చనిపోయినవారి రాళ్లకు పశువు తోక కట్టే ఆచారాన్ని ప్రస్తావించాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మాడియాలు ఇలా చేస్తారు కనుక ముడుమాల్‌లోనూ ఇదే జరిగిందనడం నాకు నచ్చదు. మధ్యలో వేల ఏళ్లున్నాయి. అయితే గమావాడ ఒక అపోహను మాత్రం తుడిచేస్తుంది. అంత రాయిని నిలపాలంటే రాజాజ్ఞ, వేలమంది కూలీలు ఉండి తీరాలనుకుంటాం. చుట్టాలుండి, వాళ్లకు పెట్టే తిండి ఉంటే చాలు. రాయి ఎంత పెద్దదైతే అంతమందికి ఆ ఇల్లు భోజనం పెట్టగలిగిందన్నమాట.

అచ్చంగా రాతి వలయాలే చూడాలనుకునేవారు బస్తర్ దాటి ఉత్తరాన బాలోద్ జిల్లా కర్కాభాట్ వెళ్లాలి. తవ్వకాల్లో ఇనుప ఆయుధాలు దొరికిన చోటది. ఒకే రోజులో రెండూ కుదరవు.

మధ్యాహ్నం గీదం మీదుగా జగదల్‌పూర్ వైపు తిరిగితే దిలమిలి, కిలేపాల్ వస్తాయి. చెట్ల కింద, పొలం గట్ల పక్కన స్మారకాలే. మొరటు రాయి పోయి చదునైన పలక వచ్చింది, పలక మీదికి రంగులొచ్చాయి. ఏనుగు, గుర్రం, వేట, అడవిదున్న కొమ్ముల తలపాగాతో నాట్యం. వాటి సరసనే బస్సు, మోటార్ సైకిల్, తుపాకీ పట్టిన పోలీసు, విమానం. ఇప్పుడు సిమెంటు కట్టడాలూ లేస్తున్నాయి. పాత అందం పోయిందని వాపోయే పర్యాటకులున్నారు. నేను ఆ జట్టులో లేను. పోయినవాడికి మోటార్ సైకిలంటే ప్రాణమైతే ఆ బొమ్మే వేయించాలి కదా! అయితే సిమెంటుతో ఒకటి మారుతుంది. రాయి మోయడానికి ఊరంతా కదలాలి, సిమెంటు బస్తాకు ట్రాక్టరు, ఒక మేస్త్రీ చాలు.

గమావాడ రాళ్ల మీద ఎవరి పేరూ ఉండదు. ఇక్కడ కొత్త పలకల మీద పేరు, పోయిన తేదీ నాగరి లిపిలో రాస్తున్నారు. ఫొటో తీసే ముందు దగ్గర్లో ఎవరైనా ఉన్నారేమో చూసి అడగండి. ఆ పేరుగల మనిషి కొడుకు పక్క పొలంలోనే పని చేసుకుంటూ ఉండొచ్చు.