పోస్టులో పంపితే పోదుటే?

"హైదరాబాదు వెళ్లి పబ్లిషర్లను కలిసి రావాలి అత్తయ్యా" అన్నాను. ఆవిడ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే, "పోస్టులో పంపితే పోదుటే అమ్మాయ్? అంత దూరం నువ్వెందుకూ?" అన్నారు.

నవ్వొచ్చింది గానీ, తర్వాత ఆలోచిస్తే మన ప్రాంతపు రచయిత్రుల చరిత్ర సగం ఆ ప్రశ్నలోనే ఉందనిపించింది. కథ ఊరు దాటేది. రాసిన మనిషి గడప దాటేది కాదు.

అలాగని మా సంగం జాగర్లమూడి దారీ తెన్నూ లేని ఊరనుకునేరు! ఊరి దగ్గర కొమ్మమూరు కాలవ ఉంది. ఇవాళ గుంటూరు పట్నానికి తాగునీరిస్తున్న ఆ కాలవే ఒకప్పుడు రహదారి. పెదగంజాం దగ్గర అది బకింగ్‌హాం కాలవలో కలుస్తుంది. 1877-78 కరువులో కూలిజనం చేత తవ్వించి పొడిగించి, అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టిన కాలవ అది. అంటే మా వైపు పడవెక్కితే తిన్నగా మద్రాసులో దిగొచ్చన్నమాట. ధాన్యం వెళ్లింది, ఉప్పు వెళ్లింది, కట్టెలు వెళ్లాయి. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు రైలు పడింది, 1916లో తెనాలి-గుంటూరు లైను కూడా వచ్చింది.

తెలుగు అచ్చుకి అప్పట్లో మద్రాసే పుట్టిల్లు. వావిళ్ల వారి ముద్రణాలయం 1854 నుంచీ అక్కడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1914లో ఆంధ్రపత్రికను దినపత్రికగా, 1924లో భారతిని అక్కణ్ణించే తెచ్చారు. మా తెనాలి మగవాళ్లు చక్కగా రైలెక్కి వెళ్లారు. చక్రపాణిగారు వెళ్లి, నాగిరెడ్డిగారితో కలిసి 1947లో చందమామ మొదలుపెట్టారు. కొడవటిగంటి కుటుంబరావుగారు 1952 నుంచి, 1980లో కన్నుమూసేదాకా, దాని సంపాదకత్వం మోశారు.

మరి ఆడవాళ్లో? బాపట్లలో కనుపర్తి వరలక్ష్మమ్మగారున్నారు. మద్రాసులో లోధ్ర మందు అమ్మే డాక్టర్ కేసరిగారు 1928లో గృహలక్ష్మి పత్రిక పెడితే, ఆవిడ అందులో శారద లేఖలు రాశారు. శారద అనే ఆవిడ స్నేహితురాలు కల్పలతకు రాసే ఉత్తరాలవి. నెలనెలా ఇల్లాళ్లంతా తమకే వచ్చినట్టు చదువుకునేవారు. బాపట్లలో కూర్చుని రాసిన ఉత్తరం మద్రాసులో అచ్చయి మళ్లీ బాపట్లకే వచ్చేదన్నమాట! 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం ఆవిడ చేతికి వచ్చింది. రచయిత్రికి ప్రచురణలోకంతో సంబంధం ఉత్తరమే అయిన రోజుల్లో, ఆవిడ ఆ ఉత్తరాన్నే సాహిత్యం చేసేశారు. నాకు చాలా ఇష్టమైన తెలివి అది.

తర్వాత మద్రాసు మనది కాకుండా పోయింది. 1953లో ఆంధ్రరాష్ట్రం వచ్చింది, పత్రికలూ ప్రచురణలూ మెల్లగా విజయవాడ చేరాయి. 1960లో ఆంధ్రజ్యోతి అక్కడే పుట్టింది. ఆ పదిహేనిరవయ్యేళ్లూ రచయిత్రుల రాజ్యమే కదండీ! మగవాళ్లు కూడా ఆడపేర్లు పెట్టుకుని రాసేవారు. మాకు పక్కనే ఉన్న చేబ్రోలులో పుట్టిన వాసిరెడ్డి సీతాదేవిగారు మట్టి మనిషి రాశారు. ఆవిడ మరీచిక నవలను 1982లో ప్రభుత్వం నిషేధించింది కూడా. అచ్చు దగ్గరికి వచ్చింది గానీ, చాలామందికి విజయవాడ కూడా రిజిస్టర్డ్ పోస్టు దూరంలోనే ఉండిపోయింది. ఎంత అచ్చయింది, ఎన్ని అమ్మారు అని అడగడానికి ఎదురుగా మనిషి ఉండాలి కదా.

నేనూ పోస్టు మనిషినే. ఇరవయ్యేళ్ల కిందట నా మొదటి నవలకి ఒక ప్రచురణకర్త (పేరెందుకు లెండి) పంపిన కాగితంలో "సర్వహక్కులు" అన్న మాట చూసి మురిసిపోయి సంతకం పెట్టాను. అవి నావే అనుకుని! పుస్తకం మూడుసార్లు అచ్చయిన సంగతి గుంటూరులో ఒక షాపులో తెలిసింది. డబ్బు మాత్రం ఒకసారే వచ్చింది.

అందుకే ఈసారి ప్యాసింజరెక్కి గుంటూరు, అక్కణ్ణించి హైదరాబాదు వెళ్లాను. ఇద్దరు ప్రచురణకర్తలూ, ముగ్గురు రచయిత్రులూ కూర్చున్న గదిలో టీలు నాలుగుసార్లు తిరిగాయి. అందరిలోకీ పెద్దావిడ, "నా సీరియల్సు పదకొండు వేసిన ఎడిటరుగారి మొహం నేనెప్పుడూ చూళ్లేదు" అన్నారు, అదేదో వ్రతం చేసినట్టు. మరొకావిడ చట్టం చెప్పింది. హక్కులు ఎన్నేళ్లకిస్తున్నదీ కాగితంలో రాయకపోతే ఐదేళ్లకే ఇచ్చినట్టు లెక్కట! 1957 నాటి కాపీరైట్ చట్టంలో, తర్వాతి సవరణల్లో చేరిన మాట అది. నా పాత కాగితంలో ఏళ్ల ప్రసక్తే లేదు. చేతిలో టీ అలాగే చల్లారిపోయింది.

కొత్త నవలకి ఒప్పందం కాగితాలు ముందు పెట్టి, పెన్ను కూడా ఇచ్చారు. "చదువుకుని పంపుతాను" అన్నాను. వాళ్లేమీ అనుకోలేదు. అనుకుంటారని ఇరవయ్యేళ్లు నేనే అనుకున్నాను.

ఇంటికొచ్చేసరికి అత్తగారు అరుగుమీదే ఉన్నారు. "ఏం తెచ్చావే?" అన్నారు. కాగితాలు చూపించాను.

"సంతకం పెట్టలేదేం?"

"చదవాలి అత్తయ్యా. పోస్టులో పంపుతాను."

ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, "ఏదీ, మొదటి పేజీ ఇటియ్యి" అన్నారు.