బి.ఎస్సీ. రసాయనశాస్త్రం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల అనుబంధ కళాశాలల్లో బోధించే డిగ్రీ కోర్సు. ఇంటర్మీడియట్‌లో ఎం.పి.సి. లేదా బై.పి.సి. చదివినవారు చేరతారు. చాలాకాలం ఇది మూడు సబ్జెక్టుల చదువు. గణిత, భౌతికశాస్త్రాలతో కలిస్తే ఎం.పి.సి., వృక్ష, జంతుశాస్త్రాలతో కలిస్తే బి.జడ్.సి. ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి ఒకే మేజర్, దానికి తోడు మైనర్ అనే పద్ధతి వచ్చింది. మూడేళ్లకు డిగ్రీ, నాలుగో ఏడూ చదివితే ఆనర్స్. తెలంగాణలో ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతున్నాయి.

పాఠాలు అకర్బన, కర్బన, భౌతిక రసాయనశాస్త్రాలుగా సాగుతాయి. అయితే ఈ చదువుకు ప్రాణం ప్రయోగశాలే. లవణ విశ్లేషణలో ఫెర్రస్ సల్ఫేట్ కలిపిన లవణ ద్రావణంలోకి పరీక్షనాళిక గోడ వెంట గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని మెల్లగా జారవిడిస్తే, రెండు ద్రవాలు కలిసేచోట గోధుమరంగు వలయం ఏర్పడి నైట్రేట్ ఉనికిని చెబుతుంది. అంశమాపనంలో పర్మాంగనేట్ ఒక్క చుక్క ఎక్కువైతే లేత గులాబీ ముదిరిపోతుంది, లెక్క తప్పుతుంది. ఈ చేతి ఒడుపు పుస్తకంతో రాదు.

డిగ్రీ తర్వాత ఎం.ఎస్సీ.కి తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, ఐఐటీలకు జామ్ రాయాలి. కళాశాల ఎంచుకునే విద్యార్థులు ముందుగా అక్కడి ల్యాబ్ చూసి రావాలి.