కంప్యూటర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ముందు చూడాల్సినవి ఇవీ

రాయ్‌పుర్‌లో మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఆ రోజుల్లో ఇంట్లో కంప్యూటర్ పదేపదే రీస్టార్ట్ అవుతుంటే వైరస్సేనని తేల్చేయకూడదు. ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరేచోట దాచుకోవాలి.

ఎప్పుడు ఆగుతోంది?: గేమ్, వీడియో ఎడిటింగ్ లాంటివి మొదలైన కాసేపటికి ఆగితే వేడిని అనుమానించాలి. దుమ్ము దులిపి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడాలి. మోటార్ వేసినప్పుడో, కరెంటు రెపరెపలాడినప్పుడో ఆగితే యూపీఎస్ బ్యాటరీ, ఎస్‌ఎంపీఎస్‌లను పరీక్షించాలి.

విండోస్ ఏం చెబుతోంది?: ఈవెంట్ వ్యూయర్‌లో కనిపించే ‘కెర్నల్-పవర్ 41’కు అర్థం, సిస్టమ్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. అందులో బగ్‌చెక్ కోడ్ 0 అయితే కరెంటు, హార్డ్‌వేర్ వైపు. వేరే అంకె ఉంటే డ్రైవర్లు, ర్యామ్ వైపు ముందు చూడాలి. ‘స్టార్టప్ అండ్ రికవరీ’లో ‘ఆటోమేటికల్లీ రీస్టార్ట్’ టిక్ తీసేస్తే నీలితెర నిలిచి ఉంటుంది. దాని మీది కోడ్ రాసుకోవచ్చు.

ప్రాసెసర్ లోపం: ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లలో కొన్నింటికి అధిక వోల్టేజీ సమస్య ఉంది. దాన్ని అరికట్టే మైక్రోకోడ్ 2024 ఆగస్టులో బయోస్ అప్‌డేట్ల ద్వారా వచ్చింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయదు, మార్చుకోవాల్సిందే.

జాగ్రత్త: ఎస్‌ఎంపీఎస్ పెట్టె విప్పకూడదు. ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉండొచ్చు.