అరకు కాఫీ తోటల ఋతువారీ నిర్వహణ

అరకు కాఫీ తోటల ఋతువారీ నిర్వహణ అనగా ఆంధ్ర ప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు జిల్లా తూర్పు కనుమలలో గిరిజన రైతులు తమ కాఫీ తోటలలో సంవత్సరం పొడవునా, వర్షాలను అనుసరించి చేసే పనుల క్రమం. అరకు లోయ, అనంతగిరి, పాడేరు, చింతపల్లి మొదలైన మండలాలలో ఈ తోటలు విస్తరించి ఉన్నాయి. ఇక్కడ పండేది ప్రధానంగా అరబికా రకం. చాలా తోటలకు వర్షమే ఆధారం కాబట్టి, ఒక్కొక్క పనికి లభించే వ్యవధి కొద్ది వారాలు మాత్రమే. ఆ వ్యవధి దాటితే నష్టం ఆ ఏటితో ఆగక మరుసటి పంటపై కూడా పడుతుంది.

నేపథ్యం

ఈ ప్రాంతానికి కాఫీ బ్రిటిష్ వారి కాలంలో వచ్చింది. 1898లో గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో మొదట నాటారని చెబుతారు. స్వాతంత్ర్యానంతరం పోడు వ్యవసాయానికి ప్రత్యామ్నాయంగా గిరిజనుల చేత కాఫీ సాగు చేయించడం మొదలైనది. పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు, గిరిజన సహకార సంస్థ ఇందులో ముఖ్యపాత్ర వహించాయి. సముద్రమట్టానికి 900 నుండి 1,100 మీటర్ల ఎత్తున పండే "అరకు వ్యాలీ అరబికా"కు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది.

పనుల క్రమం

వేసవి (మార్చి - మే)

కాఫీ మొగ్గలు శీతాకాలం చివరి వరకు నిద్రాణస్థితిలో ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నెలలలో సుమారు 25 మిల్లీమీటర్ల వాన పడితే, ఎనిమిది నుండి పది రోజులలో తోట అంతా ఒక్కసారిగా పూస్తుంది. దీనిని పూత జల్లు అంటారు. పిందె నిలవడానికి మరికొన్ని వారాలలో ఇంకొక వాన అవసరం. ఏజెన్సీలో ఇటుకల పండుగ జరిగే చైత్రమాసం కూడా ఇంచుమించు ఇదే సమయంలో వస్తుంది.

కోత పూర్తయిన తరువాత ఎండిన, బలహీనమైన కొమ్మలను కత్తిరిస్తారు. పూత ముగిసి పెద్ద వానలు మొదలయ్యే లోపు సిల్వర్ ఓక్, పనస మొదలైన నీడ చెట్ల కొమ్మలను పలుచన చేస్తారు. నీడ దట్టంగా ఉంటే వర్షాకాలంలో తేమ నిలిచి తెగుళ్ళు వస్తాయి. మరీ పలుచబడితే, ఎండ తగిలే మొక్కలను ఇష్టపడే తెల్ల కాండం తొలుచు పురుగు చేరుతుంది. ఈ రెండింటి మధ్య సమతూకం పాటించడం నిర్వహణలో కీలకమైనది.

వర్షాకాలం (జూన్ - సెప్టెంబరు)

కొత్త మొక్కలు నాటడం, కలుపు తీయడం, పశువుల ఎరువు లేదా కంపోస్టు వేయడం, కాండంపై పుట్టే నీటి కొమ్మలను తుంచివేయడం ఈ కాలపు పనులు. ఆకు తుప్పు తెగులు నివారణకు వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గుముఖం పట్టాక మరొకసారి 0.5 శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలని సిఫారసు. వరి, చోడి, సామ పంటల పనులు కూడా ఇప్పుడే ఉండడం వలన కాఫీ తోటకు కూలీలు దొరకడం కష్టమవుతుంది.

శీతాకాలం (అక్టోబరు - ఫిబ్రవరి)

నవంబరు నుండి జనవరి వరకు కోత సాగుతుంది. కాయలన్నీ ఒకేసారి పండవు. కనుక బాగా ఎర్రబడిన పండ్లను మాత్రమే మూడు, నాలుగు విడతలుగా చేతితో కోస్తారు. కోసిన రోజే పల్పర్‌లో తోలు తీసి, పులియబెట్టి, కడిగి, ఎండబెట్టిన గింజను పార్చ్‌మెంట్ అంటారు. తేమ సుమారు పది శాతానికి తగ్గే వరకు ఎండబెట్టాలి. తొలి కోత రోజులలోనే వరి కోతలు కూడా ఉంటాయి. నీడ చెట్లకు పాకించిన మిరియాల తీగల కోత దీని తరువాత వస్తుంది.

చీడల నివారణ - కాలం

తెల్ల కాండం తొలుచు పురుగు పెద్దవై బయటకు వచ్చే కాలాలు ఏడాదికి రెండు: ఏప్రిల్-మే, అక్టోబరు-డిసెంబరు. కాబట్టి మార్చి, సెప్టెంబరు నెలలలోనే పురుగు పట్టిన మొక్కలను గుర్తించి, పీకి కాల్చివేయాలి. పురుగులు ఎగిరిన తరువాత మొక్కను కాల్చినా ప్రయోజనం ఉండదు.

కాయతొలుచు పురుగు భారతదేశంలో మొదట 1990లో నీలగిరులలోని గూడలూరు వద్ద కనిపించింది. 2025లో ఇది అరకు లోయలోని తోటలలో బయటపడింది. ఈ పురుగు ఒక పంటకాలం నుండి మరొక పంటకాలానికి, చెట్టుపై మిగిలిన, నేలరాలిన కాయలలో దాగి బ్రతుకుతుంది. అందువలన కోత చివరలో ఒక్క కాయ కూడా మిగలకుండా ఏరివేయడం దీనికి ముఖ్యమైన నివారణ. పురుగు సోకిన కాయలను మరిగే నీటిలో ముంచి, ఆ తరువాత ఎండబెట్టాలి. పూర్వం అంతగా పట్టించుకోని చివరి ఏరివేత దీనితో తప్పనిసరి అయినది. ఒక రైతు ఏరివేసి పొరుగు రైతు వదిలివేస్తే ఫలితం దక్కదు. కనుక గ్రామమంతా ఒకే సమయంలో ఈ పని చేయవలసి ఉంటుంది.

ప్రకృతి వైపరీత్యాలు

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను, కాయ పక్వానికి వచ్చే సమయంలో ఈ కొండలను తాకింది. ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు కూలి కాఫీ మొక్కలపై పడ్డాయి. కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్ళు పడుతుంది. నీడ చెట్టు ఎదగడానికి అంతకంటె ఎక్కువ కాలం కావాలి. అందువలన నీడ కోల్పోయిన తోటలను తిరిగి నిలబెట్టడం ఒక్క ఋతువులో తీరే పని కాదు.

ఇవి కూడా చూడండి

అరకు లోయ
పోడు వ్యవసాయం
గిరిజన సహకార సంస్థ
తూర్పు కనుమలు