సగపాలు రైతుల తెల్లదారులు

1997లో ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, గయోలే ఇన్ కియాంతి అనే చిన్న ఊరి నుంచి 92 మంది పాత సైకిళ్లెక్కి బయల్దేరారు. నున్నటి తారు రోడ్లున్నా వాటి జోలికి పోకుండా, ద్రాక్షతోటల మధ్య నుంచి సాగే కంకర దారుల్లోకి దిగారు. సున్నపురాతి పొడితో తెల్లగా మెరిసే ఆ తెల్లదారులను అక్కడ ‘స్త్రాదే బియాంకే’ అంటారు. అప్పటికే తారు వాటిని ఒక్కొక్కటిగా మింగేస్తోంది. గయోలేకు చెందిన జాంకార్లో బ్రోచ్చి దీన్ని సహించలేకపోయాడు. సైకిల్ పందేల చరిత్ర అంటే ప్రాణం పెట్టే ఆయన, దారుల విలువ జనానికి తెలియాలంటే వాటి మీద పాతకాలపు తీరులో సైకిల్ తొక్కించాలనుకున్నాడు. ‘లెరోయికా’ అలా పుట్టింది.

ఇప్పుడు హైదరాబాద్ దుకాణాల్లోనూ కంకర దారుల కోసం చేసిన గ్రావెల్ సైకిళ్లు దొరుకుతున్నాయి. వెడల్పాటి టైర్లు, డిస్క్ బ్రేకులు, ఎత్తు ఎక్కడానికి తేలికైన గేర్లు వాటి ప్రత్యేకత. ఈ మోజు నిన్నమొన్నటిదని చాలామంది అనుకుంటారు గానీ, కంకర మీద తొక్కడమే సైకిల్ అసలు చరిత్ర. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు పందేలు జరిగిన కొండదారుల్లో చాలావరకు మట్టీ కంకరే. 1938లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన జీనో బార్తలి ఫ్లోరెన్స్ శివారు పేదింటి బిడ్డ. యుద్ధకాలంలో ఆయన, యూదుల కోసం తయారైన దొంగ గుర్తింపు పత్రాలను సైకిల్ గొట్టాల్లో దాచి, సాధన చేస్తున్నట్టుగా చేరవేశాడని జెరూసలేంలోని యాద్ వాషెం సంస్థ 2013లో ఆయనను గౌరవించింది. బ్రోచ్చి బతికించాలనుకున్నది ఆ తరం సైకిల్‌నే.

లెరోయికాలో పాల్గొనాలంటే సైకిల్ 1987కు ముందు తయారై ఉండాలి. గేర్ మీటలు ఫ్రేమ్ కింది గొట్టం మీదే ఉండాలి, బ్రేక్ తీగలు హ్యాండిల్ మీద బయటికి కనిపించాలి, పెడల్‌కు పాదాన్ని పట్టే పట్టీలుండాలి. పెద్ద మార్గం 209 కిలోమీటర్లు. తెల్లారకముందే బయల్దేరి, దీపాలు పెట్టిన బ్రోలియో కోట దారి ఎక్కుతారు. మధ్యలో ఆగిన చోట పెట్టే తిండి రిబోల్లితా. నిల్వ రొట్టె, చిక్కుడు గింజలు, నల్లటి ఆకుకూర కలిపి ఉడికించి, మర్నాడు మళ్లీ వేడి చేసుకుని తినే పేదింటి వంట అది. ఆ వంట ఎవరిదో, ఈ దారులూ వాళ్లవే.

గయోలే నుంచి దక్షిణానికి వెళ్తే కియాంతి రాతికొండలు దిగి ఆర్బియా నది లోయలోకి వస్తాం. దాన్ని దాటితే క్రేతె సెనేజి. ఎప్పుడో వెనక్కి తగ్గిన సముద్రం వదిలి వెళ్లిన బూడిదరంగు బంకమట్టి గుట్టలవి. ఇంకా కిందికి ఓర్చా నది లోయ. ఈ రెండు నదులూ ఒంబ్రోనేలో కలుస్తాయి. వాన పడితే బంకమట్టి జారిపోతుంది. అందుకే పాత దారులు చాలావరకు లోయ అడుగున కాకుండా గుట్టల వెన్ను మీదుగా పోతాయి. సైకిల్ తొక్కేవాడికి ఎక్కడమూ దిగడమూ తప్పదు, ఎక్కినచోటల్లా రెండు లోయలూ కళ్లముందు ఉంటాయి.

మరి ఊళ్లే తక్కువగా ఉన్న ఈ గుట్టల్లో ఇన్ని దారులెందుకు? జవాబు అక్కడి సేద్యంలో ఉంది. మధ్యయుగాల నుంచి ఇరవయ్యో శతాబ్దం నడిమి దాకా టస్కనీ పల్లెలు ‘మెజ్జద్రియా’ కింద బతికాయి. భూమీ ఇల్లూ భూస్వామివి, రెక్కల కష్టం రైతు కుటుంబానిది, పంట చెరిసగం. రైతులు ఊళ్లో కాపురముండి పొలానికి వెళ్లేవాళ్లు కాదు. ఒక్కో గుట్ట మీద ఒక్కో ‘పొదేరే’, అంటే ఇల్లూ పొలమూ కలిసిన కమతం. ఇంటింటికీ దారి కావాలి. పొలం నుంచి తోటకు, తోట నుంచి గింజలు మర పట్టే చోటికి, అక్కణ్నుంచి చర్చికి, సంతకు. ఎడ్లబండ్లు నడిచి నడిచి ఆ దారులు గట్టిపడ్డాయి. వాననీరు దారిని కోసేయకుండా పక్కన కాలువలు తవ్వి, పూడిక తీసిన చేతులూ ఆ కుటుంబాలవే.

సియెనా నగరసభ భవనంలో 1338–39లో ఆంబ్రోజో లోరెంజెత్తి గీసిన గోడచిత్రం ఒకటుంది. మంచి పాలనలో పల్లె ఎలా ఉంటుందో అందులో చూపించాడు. నగరద్వారం తెరిచి ఉంది. గుట్ట దిగే దారి మీద దొరలు గుర్రాలెక్కి బయటికి వెళ్తుంటే, గాడిదల మీద బస్తాలేసుకున్న రైతులు లోపలికి వస్తున్నారు. ఒకడు నడుముకు తెల్ల పట్టీ ఉన్న పందిని తోలుకొస్తున్నాడు. పొలాల్లో కోతలు, నూర్పిళ్లు. దారి నిర్భయంగా ఉంటేనే పాలన మంచిదని చిత్రకారుడు నమ్మాడు. 2004లో ఓర్చా లోయను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు యునెస్కో చెప్పిందీ దానికి దగ్గరి మాటే. 14, 15 శతాబ్దాల్లో సియెనా తన ఆదర్శ పాలనకు అద్దంపట్టేలా తీర్చిదిద్దుకున్న నేల ఇది.

అయితే చిత్రంలోని పల్లె వేరు, సగపాలు రైతు పల్లె వేరు. 1924లో ఓర్చా లోయలో లా ఫోచె ఎస్టేటు కొన్న ఐరిస్, ఆంతోనియో ఒరిగో దంపతులు అక్కడి పేదరికం చూసి రైతుల పిల్లలకు బడి, వైద్యశాల పెట్టాల్సి వచ్చింది. 1944 జూన్‌లో యుద్ధం ఎస్టేటు మీదికే వచ్చినప్పుడు ఐరిస్ తన ఇంట ఆశ్రయం పొందిన పిల్లలను వెంటబెట్టుకుని మోంతెపుల్చానో దాకా నడిచి వెళ్లింది. టస్కనీ క్యాలెండర్ల మీద కనిపించే సైప్రస్ చెట్ల మెలికల దారి లా ఫోచె ఎదురుగానే ఉంది. అది చూసి మురిసేవాళ్లందరికీ ఈ నడక సంగతి కూడా తెలియాలి.

యుద్ధం తర్వాత రైతులు సగపాలు విడిచిపెట్టి ఫ్యాక్టరీలున్న పట్టణాలకు తరలిపోయారు. కొత్త మెజ్జద్రియా ఒప్పందాలను 1964 చట్టం నిషేధించింది. మిగిలిన వాటిని కౌలుగా మార్చే చట్టం 1982లో వచ్చింది. పొదేరేలు ఖాళీ అయ్యాయి. సార్డీనియా దీవి నుంచి గొర్రెల కాపరులు వచ్చి కొన్నింట్లో కాపురం పెట్టారు, కొన్ని ఇళ్ల పైకప్పులు కూలిపోయాయి. మనుషులే లేని దారికి తారు వేయాలన్న తొందర ఎవరికుంటుంది? ఈ కంకర ఇంతకాలం నిలవడంలో ప్రేమ కన్నా వలసల పాత్రే పెద్దదని నేననుకుంటాను. ప్రేమ 1997లో వచ్చింది.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. పదేళ్లకు, 2007లో, లెరోయికా నుంచే ప్రొఫెషనల్ పందెం పుట్టింది. మొదటి విజేత రష్యాకు చెందిన అలెగ్జాండర్ కొలొబ్నెవ్. మహిళల పందెం 2015లో మొదలైంది. 2024లో తదేయ్ పొగాచార్ గమ్యానికి 81 కిలోమీటర్ల ముందే గుంపును విడిచి ఒంటరిగా వచ్చి గెలిచాడు. పందెం ముగిసేది సియెనాలోని పియాజ్జా దెల్ కాంపోలో. లోరెంజెత్తి చిత్రం ఉన్న భవనం ఆ చౌకులోనే ఉంది.

ఈ దారుల స్వభావం లోకమంతా చూసింది మాత్రం 2010 మేలో. జిరో ద ఇటాలియా పందెం మోంతల్చీనో వైపు వస్తుండగా వాన దంచికొట్టింది. తెల్లదుమ్ము బురదై మొహాలకు పూసుకుపోయి ఎవరెవరో గుర్తుపట్టలేని పరిస్థితి. ఆ రోజు కాడెల్ ఎవాన్స్ గెలిచాడు. పొడిగా ఉన్నప్పుడు కూడా కంకర ఊరికే లొంగదు. ఎక్కేటప్పుడు సీటు మీంచి లేచి తొక్కితే వెనక చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది, కూర్చునే తొక్కాలి. దిగేటప్పుడు ముందు బ్రేకు గట్టిగా నొక్కకూడదు. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోకుండా సైకిల్‌ను కాస్త దాని దారిన దాన్ని పోనివ్వాలి. టైర్‌లో గాలి కొంత తగ్గిస్తే చక్రం రాళ్ల మీద ఎగిరిపడకుండా వాటిని హత్తుకుని పోతుంది. వాహనాల రాపిడికి దారి మీద పడే అడ్డ ముడతల్లో చేతులు తిమ్మిరెక్కుతాయి. అక్కడ అంచు వెంబడి పోవడమే మేలు.

మోంతె సాంతె మారియె అనే 11.5 కిలోమీటర్ల కంకర దారి, సియెనాలో ముగిసే ఆ పందెంలో అన్నింటికన్నా కఠినమైన వాటిలో ఒకటి. 2008, 2012, 2016లలో మూడుసార్లు గెలిచిన ఫాబియన్ కాన్సెలారా పేరు ఆ దారికి పెట్టారు. ఆయనకు ఆ గౌరవం తగినదే. కానీ దాన్ని వేసి, కాలువ తీసి, వందల ఏళ్లు నిలబెట్టిన కుటుంబాల పేర్లు ఎక్కడా లేవు. వాళ్లున్న పొదేరేల పేర్లు మాత్రం పోలేదు. పందొమ్మిదో శతాబ్దపు మొదటి భాగంలో టస్కనీ దొరతనం చేయించిన భూముల సర్వే పటాల్లో అవి నమోదై ఉన్నాయి. లెరోయికా మార్గం పొడవునా ఎలాగూ గుర్తు బోర్డులు పెట్టారు. ఒక్కో కంకర దారి మొదట్లో ఆ పాత పటంలోని పొదేరేల పేర్లు కూడా రాయిస్తే, ఎక్కుతూ ఎక్కుతూ ఊపిరి కోసం ఆగినవాళ్లు చదువుకుంటారు.