వన్యప్రాణుల పటములు: వర్ణమా, నలుపుతెలుపులా?

వన్యప్రాణుల ఛాయాపటము వర్ణమయముగా నుండవలెనా, నలుపుతెలుపులతో నుండవలెనా యను వివాదము నేటికిని వినవచ్చుచున్నది. వర్ణము లేనిచో జీవము లేదని కొందరు, వర్ణము కన్నులను మోసపుచ్చును గాన నలుపుతెలుపులే కళయని మరికొందరు వాదింతురు. ఇవి రెండును రుచికి సంబంధించిన మాటలు. చరిత్రను జూచినచో ఈ ప్రశ్న రుచివలన బుట్టినది కాదని తెలియును.

ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అను ఆంగ్లేయుడు మన దేశమున అటవీశాఖలో ఉద్యోగియై, శివాలిక్ కొండల అడవులలో తుపాకికి మారు కెమెరాతో పెద్దపులుల కొరకు కాచెను. పులి నడచు త్రోవకు అడ్డముగా సన్నని తీగ కట్టి, దానికి కాలు తగిలినంతనే మందు భగ్గున వెలిగి పటము పడునట్లు ఏర్పాటు చేసెను. ఆ పటములతోడి గ్రంథము 1927లో వెలువడెను. అవి నలుపుతెలుపు పటములు.

అప్పటికి వర్ణఛాయాగ్రహణము లేకపోలేదు. లూమియేర్ సోదరులు 1907లోనే ఆటోక్రోము పలకలను అంగడికి తెచ్చియుండిరి. బంగాళాదుంపల పిండిరేణువులకు నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు పట్టించి గాజుపలకపై పరచుట ఆ పద్ధతి. ఆ రేణువులు వెలుతురులో అధికభాగమును మ్రింగివేయుటచే, మంచి యెండలో సైతము ఒక సెకను, అంతకు మించియు కెమెరాను తెరచియుంచవలసి వచ్చెడిది. పూలతోట నిలిచియుండును గాని పులి నిలువదు గదా!

అయినను ఆ పటములకు లోటు కలుగలేదు. ఏ రెండు పులుల చారలును ఒక్కతీరున నుండవు. ఆ భేదము నలుపుతెలుపులలో స్పష్టముగా కానవచ్చును. నేడును మన దేశమున పులులను లెక్కించువారు చారలను పోల్చియే యొకదాని నొకదానినుండి వేరుపరచుచున్నారు.

పక్షుల సంగతి వేరు. అమెరికాలో హార్వర్డునందు వైద్యవిద్య నభ్యసించి, అచ్చటనే బోధించిన ఎలియట్ పోర్టర్ మొదట పక్షులను నలుపుతెలుపులలోనే చిత్రించెను. వానిని గ్రంథముగా ప్రకటింపగోరి ప్రకాశకుని సంప్రదింపగా, పక్షిజాతులను గుర్తించుటకు వర్ణము కావలెనని జవాబు వచ్చెను. కోడాక్రోము ఫిలిము 1935లో వెలువడియుండుటచే పోర్టర్ వర్ణమును చేపట్టగలిగెను. న్యూయార్కులోని ఆధునిక కళాప్రదర్శనశాల 1943లో ఆయన వర్ణపటములను ప్రదర్శించెను.

ఇచ్చట వర్ణము అలంకారము కాదు, సాక్ష్యము. మన పాలపిట్టనే చూడుడు. వాలియున్నప్పుడు సామాన్యమైన గోధుమవన్నె పిట్టవలె నుండి, ఎగిరినంతనే రెక్కల నీలము మెరయించును. మేము బడిలో దాని నలుపుతెలుపు పటము నొకదానిని చూపగా, దసరానాడు ఆ పిట్టకొరకు ఊరి వెలుపలికి పోవు బాలురు సైతము పోల్చలేకపోయిరి.

నలుపుతెలుపులు సత్యమునకు దగ్గర యను నమ్మకమును సరికాదు. పూర్వపు పలకలకు ఎరుపు కనబడదు. నీలము మితిమీరి తెల్లనగును. ఎల్లవర్ణములను గ్రహించు పలకలు 1906లో గాని అంగడికి రాలేదు.

నేటి డిజిటల్ కెమెరాలో పటము తీసిన పిమ్మట, ఇంట కూర్చుండి, వర్ణమును ఉంచవచ్చును, తీసివేయవచ్చును. పూర్వము యంత్రము చేసిన నిర్ణయము నేడు మన మనస్సాక్షికి వచ్చినది. ఏనుగును దీనముగా చూపుటకై రంగు తీసివేయుటయు, ఎండిన అడవికి పచ్చదనము పూయుటయు ఒకే తప్పు. మన పిల్లలలో అనేకులు అడవిని ఈ పటముల మూలముననే ఎరుగుదురు. అబద్ధపు అడవిని ప్రేమించినవాడు నిజమైన అడవిని ఎట్లు కాపాడును?

కావున వర్ణమును తొలగింపకముందు, దీనితో ప్రాణిని గూర్చిన యే సంగతి పోవుచున్నదని ప్రశ్నించుకొనవలెను. ఏమియు పోనిచో నలుపుతెలుపులు చాలును; పులి చారలకు చాలినవి. పోవునదేదైన నున్నచో, పటమెంత సొగసైనను, వర్ణమును విడువరాదు. ఇంట పిల్లలకు పటము చూపునప్పుడు తల్లిదండ్రులును ఈ ప్రశ్ననే అడుగుట మేలని మా మనవి.