రామ్‌సర్ నుంచి కొల్లేరు దాకా

ఇరాన్‌లో కాస్పియన్ సముద్రం ఒడ్డున రామ్‌సర్ అనే ఊరుంది. చిత్తడి నేలల్ని కాపాడుకోవాలన్న అంతర్జాతీయ ఒప్పందానికి 1971 ఫిబ్రవరి 2న అక్కడే 18 దేశాలు అంగీకారం తెలిపాయి. సోవియట్ యూనియనూ బ్రిటనూ వచ్చాయి. భారత్, పాకిస్తాన్ కూడా వచ్చాయి. ఆ రెండూ అదే ఏడాది డిసెంబరులో యుద్ధం చేసుకున్నాయి. ఇలాంటి వాళ్లందర్నీ ఒకచోట కూర్చోబెట్టినవి, నిజం చెప్పాలంటే, బాతులు!

ఒప్పందం పూర్తి పేరులోనే నీటిపక్షుల ఆవాసాల ప్రస్తావన ఉంది. సైబీరియాలో పిల్లల్ని చేసి మన దగ్గర చలికాలం గడిపే పక్షిని ఏ దేశమూ ఒంటరిగా కాపాడలేదు కదా. ఫ్రాన్సులోని కమార్గ్‌లో 1962లో జరిగిన సమావేశంలో మొలకెత్తిన ఆలోచన ఇలా ఒప్పందం కావటానికి తొమ్మిదేళ్లు పట్టింది. అప్పటిదాకా చిత్తడి నేలంటే దోమలూ మలేరియానే. పూడ్చి సాగులోకి తేవటమే అభివృద్ధి.

పక్షుల పేరుతో మొదలైనా, మనుషులకు సంబంధించిన మాట ఒకటి అందులో మొదట్నుంచీ ఉంది: వివేకంతో వాడుకోవటం. చేపలు పట్టొద్దని అది అనదు, నేల స్వభావం చెడకుండా వాడుకోమంటుంది. మాట తప్పితే శిక్షేం లేదు. దెబ్బతింటున్న చోట్లకు మాంట్రూ రికార్డు అని వేరే జాబితా ఉంది, అంతే.

ఆ జాబితా ఊరికే పోలేదు. ఒడిశాలోని చిలికా సరస్సు 1993లో అందులోకెక్కింది. సముద్రపు నీటి రాకపోకలు తగ్గి, కలుపు పెరిగి, చేపలు పడిపోయాయి. 2000లో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. చేపలు తిరిగొచ్చాయి. 2002లో జాబితా నుంచి పేరు తీసేశారు.

అదే 2002లో మన కొల్లేరు రామ్‌సర్ స్థలమైంది. అప్పటికే సరస్సు నిండా చేపల చెరువులు. 1970లలో సహకార సంఘాలు పెట్టించి చెరువుల దారి చూపింది ప్రభుత్వమే. డబ్బున్నవాళ్లు ఆ వెనకే వచ్చారు. 1999లో అయిదో కాంటూరు దాకా పక్షుల అభయారణ్యమని ప్రకటించిందీ ప్రభుత్వమే. 2006లో గట్లు కొట్టించారు. తర్వాత మళ్లీ గట్లు లేచాయి.

చిలికాలో సరస్సు బాగుపడితే జాలరి వలలో చేప పడింది. కొల్లేటి లంక ఊళ్లలో మాత్రం సరస్సు బాగు అంటే తమ చెరువు గట్టు తెగటం అని జనానికి అర్థమైంది. చెరువు లీజుకిచ్చుకుని బతికే ఇంటికి, గట్టు తెగాక పొయ్యి ఎలా వెలుగుతుందో ముందు చెప్పాలి. ఆ లెక్క తేల్చకుండా వివేకం గురించి ఎన్ని తీర్మానాలు చేసినా, గట్లు మళ్లీ మళ్లీ లేస్తూనే ఉంటాయి.